మెకానిక్ వచ్చినప్పుడు వంటింట్లో వుండకండి



ఈ వారం నా తప్పొకటి మీ ముందు ఒప్పుకోవాలని కూర్చున్నాను. వినడానికి చిన్నదే. దాని వెనకాల ఒక మనిషి ప్రాణం వుంది గనుక చెప్పక తప్పదు.

పోయిన దసరాకి మా ఇంటికి కొత్త వాషింగ్ మిషను వచ్చింది. ముందు వైపు గుండ్రటి తలుపుండే ఫ్రంట్ లోడ్ రకం. పన్నెండేళ్ళు చాకిరీ చేసిన పాత మిషను ఇక నా వల్ల కాదని మొరాయిస్తే పండగ ఆఫర్లో కొన్నాం. దాన్ని పెట్టడానికని వెనక వరండాలో పెద్ద ప్లగ్గొకటి కొత్తగా వేయించాం. పక్క వీధిలో కరెంటు పని చేసే కుర్రాడొకడు అరగంటలో వైరు లాగి బిగించి వెళ్ళాడు. కొట్టువాళ్ళు పెట్టె తెచ్చి దించి, "ఇన్‌స్టలేషన్‌కి కంపెనీ మనిషి వస్తాడమ్మా, అందాకా పెట్టె విప్పకండి" అన్నారు.

రెండు రోజులకి ఆయన వచ్చాడు. ఎప్పుడొచ్చాడనుకున్నారు? సరిగ్గా పదకొండున్నరకి! ఒక పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది, రెండో దాని మీద నూనె మూకుడు, నా చేతినిండా శనగపిండి. మావారు హాల్లో ఫోన్లో వున్నారు. మనందరం చేసేదే నేనూ చేశాను. "ఇక్కడ పెట్టు బాబూ" అని చోటు చూపించి, గ్లాసుడు మంచినీళ్ళిచ్చి, మళ్ళీ వంటింట్లోకి వెళ్ళిపోయాను. ముప్పావుగంటలో పని అయిపోయింది. కాగితం పట్టుకుని వంటింటి గుమ్మం దగ్గరికొచ్చి, "ఇక్కడ సంతకం పెట్టండమ్మా" అన్నాడు. పిండి చెయ్యి కొంగుకి తుడుచుకుని గీకేశాను. ఫోనుకి వచ్చిన నాలుగంకెలు చెప్పమంటే చెప్పాను. ఆ కాగితం బిల్లుతో పాటు బీరువాలోకి వెళ్ళిపోయింది. అందులో ఏముందో చదివానా అంటే, లేదు.

పది రోజుల తర్వాత మా ఇంట్లో పనికి వచ్చే ఆవిడ, "అమ్మగారూ, మిషను ముట్టుకుంటే జుమ్మంటందండీ" అంది. వెళ్ళి ముట్టుకున్నాను. నాకేమీ తెలియలేదు. "కొత్త మిషను కదా, భయపడుతున్నావులే" అన్నాను. రెండు రోజులాగి మళ్ళీ అదే మాట. మళ్ళీ ముట్టుకున్నాను. ఏమీ లేదు. ఇంకో వారం గడిచాక చూద్దును కదా, ఆవిడ చేతికి పొడిగుడ్డ చుట్టుకుని మిషను తలుపు తీస్తోంది! మనసులో ఏదో కలుక్కుమంది. ఆవిడ పాదాల వంక చూశాను. ఉత్తి పాదాలు. కింద తడి గచ్చు. నా కాళ్ళకేమో రబ్బరు చెప్పులు.

అప్పుడు చేసిన పని మాత్రం మీరెవరూ చేయకండి. చెప్పులు విడిచి, ఆ తడి గచ్చు మీద నిలబడి మిషను అంచు మీద వేలు పెట్టాను. జుమ్మంది! మోచేతి దాకా పాకింది.

వెంటనే స్విచ్చి ఆపేసి, ప్లగ్గు తీయించి, తెలిసిన పెద్ద ఎలక్ట్రీషియన్ని పిలిపించాం. ఆయన ప్లగ్గు బోర్డు విప్పి చూసి తల పట్టుకున్నాడు. ప్లగ్గుకి మూడు బెజ్జాలున్నాయి గానీ వెనకాల వచ్చినవి రెండు తీగలే. మూడోది, ఎర్తు తీగ, అసలు లాగనేలేదు. "కంపెనీ మనిషి చూసి చెప్పలేదామ్మా?" అని అడిగాడు. బీరువాలోంచి ఆ కాగితం తీశాను. చిన్న ఇంగ్లీషు అక్షరాల్లో ఒక్క ముక్క రాసి వుంది. ఎర్తింగ్ లేదు, వినియోగదారుకి తెలియజేశాం అని దానర్థం. దాని కిందే శనగపిండి మరకతో సహా నా సంతకం!

అతను నోటితో చెప్పాడో లేదో, మూకుడు చప్పుడులో నాకు వినపడిందో లేదో, ఇప్పుడు తేల్చలేం. కాగితం మీద మాత్రం అతని తప్పు లేదు, నాదే. మా పనావిడ ఆ రోజు అన్న మాట నా చెవుల్లో ఇంకా వుంది. "నేను మూడుసార్లు చెప్తే నమ్మలేదు, కాగితం చెప్తే నమ్మారు" అంది. కోపంగా అనలేదు. మామూలుగానే అంది. అందుకే ఎక్కువ గుచ్చుకుంది.

ఎర్తు అంటే ఏమిటి, ఎందుకు?

మన ఇళ్ళకి వచ్చే కరెంటు 230 వోల్టులు. ఫేజు తీగలో వస్తుంది, న్యూట్రల్ తీగలో తిరిగి వెళుతుంది. మూడో తీగ ఎర్తు, సాధారణంగా పచ్చరంగులో వుంటుంది. మామూలు రోజుల్లో దానికి పనేమీ వుండదు. ఏ ఎలకో వైరు కొరికినా, లోపల తీగ తొడుగు అరిగి మిషను రేకుకి తగిలినా, ఆ కరెంటుని నేలలోకి దించెయ్యడమే దాని పని. పెద్ద ప్లగ్గుకి పైన లావుగా, పొడుగ్గా వుండే పిన్ను ఈ ఎర్తుదే. ప్లగ్గు పెట్టేటప్పుడు అదే ముందు తగులుతుంది, తీసేటప్పుడు అదే ఆఖర్న వదులుతుంది. కావాలనే అలా చేశారు.

ఎర్తు లేకపోతే ఆ కరెంటు మిషను రేకు మీదే కాచుకుని కూర్చుంటుంది. ఎవరు తడికాళ్ళతో ముట్టుకుంటే వాళ్ళ ఒంట్లోంచి నేలకి దారి చూసుకుంటుంది. మన ఇళ్ళల్లో తడి చేతులతో, తడి గచ్చు మీద మిషను దగ్గర నిలబడేది ఎవరు? మనం, మన పనావిడ. అంతేగా!

మా మిషనులో వైరేమీ తెగలేదు. ఈ కాలపు మిషన్లలో ఎలక్ట్రానిక్ బోర్డులుంటాయి. వాటిలోని ఫిల్టరు నుంచి రవ్వంత కరెంటు రేకు మీదికి చేరుతుంది. ఎర్తు వుంటే అది నేలలోకి పోయి మనకి తెలియను కూడా తెలియదు. లేకపోతే జుమ్మంటుంది. ఆ రవ్వంత కరెంటుతో సాధారణంగా ప్రాణం పోదు. కానీ జుమ్మనడమంటే ఎర్తు లేదని మిషను మనకి చేస్తున్న హెచ్చరిక. రేపు నిజంగా వైరు తెగిన రోజున హెచ్చరిక వుండదు. పైగా ముట్టుకోగానే తెలిసే జుమ్ము ఏ కారణంతో వచ్చిందో మనకి తెలియదు కాబట్టి ప్రతిదాన్నీ ప్రమాదంగానే చూడాలి.

"మా ఇంట్లో ఎం.సి.బి. వుందిగా, పడిపోతుందిలే" అంటారేమో. ఎం.సి.బి. కాపాడేది వైర్లని. లోడు ఎక్కువైనా, తీగలు కలిసిపోయినా పడిపోతుంది. మనిషికి షాకు కొడుతుంటే దానికి తెలియకపోవచ్చు. మనిషిని కాపాడేది ఆర్.సి.సి.బి. అనే ఇంకో స్విచ్చి. వెళ్ళిన కరెంటుకీ తిరిగొచ్చిన కరెంటుకీ తేడా కనిపెట్టి క్షణంలో ఆపేస్తుంది. ఇళ్ళకి 30 మిల్లీ ఆంపియర్లది పెట్టిస్తారు. దానికి 'టెస్ట్' అని చిన్న బొత్తాముంటుంది. అప్పుడప్పుడూ నొక్కితే టక్కున పడిపోవాలి. పడకపోతే మార్పించుకోవాలి.

మరో మోసం గురించి కూడా చెప్పాలి. ఎర్తు తీగ లాగడానికి బద్ధకించి, ప్లగ్గు లోపలే ఎర్తునీ న్యూట్రల్‌నీ ఒక చిన్న తీగ ముక్కతో కలిపేస్తారు కొందరు. మీటరు పెట్టి చూస్తే అంతా సరిగ్గానే వున్నట్టు కనిపిస్తుంది. ఎక్కడైనా న్యూట్రల్ తెగిందో, మిషను ఒళ్ళంతా కరెంటే. కనుక పని చేయించేటప్పుడు "ఎర్తు తీగ మీటరు బోర్డు దాకా విడిగా వెళ్ళిందా?" అని అడగండి. ఇంటికి ఎర్తు గొయ్యి ఎక్కడుందో తెలుసుకోండి. ఉప్పు, బొగ్గు వేసి పైపు దించిన పాతరకం గొయ్యయితే ఎండాకాలంలో నేల ఎండిపోకుండా నీళ్ళు పోస్తుండాలి. తులసికోటకి పోసే చేత్తోనే ఓ చెంబు దానికీ పొయ్యండి. మా అద్దె ఇంటి గొయ్యి కూడా ఎండిపోయి వుందని అప్పుడే తెలిసింది. ఇంటివారితో మాట్లాడి బాగుచేయించాం, వరండా ప్లగ్గుకి మూడో తీగ లాగించాం.

ఆ గంటసేపు అక్కడే నిలబడండి

1977లో హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం మొదలయ్యాక, మన వూళ్ళల్లోకి టీవీలు వచ్చిన రోజులు పెద్దవాళ్ళకి గుర్తుండే వుంటాయి. మేడ మీద ఒకరు యాంటెన్నా తిప్పుతుంటే కింద ఇల్లంతా నిలబడి "వచ్చింది, వచ్చింది, అయ్యో పోయింది" అని అరిచేవాళ్ళం. ఆనాడు వస్తువు బిగించడమంటే ఇంటిల్లిపాదికీ పనే. ఇప్పుడు యూనిఫారం వేసుకున్న మనిషి వచ్చేసరికి, ఇది మనకి తెలిసే విషయం కాదని మనమే తప్పుకుంటున్నాం. తెలియకపోతే అడుగుదాం. పొయ్యి కట్టేసి ఆ గంటసేపూ అక్కడే వుందాం. వంట ఓ గంట ఆలస్యమైతే మావారేమీ మాడిపోలేదు లెండి!

వాషింగ్ మిషను అయితే మొదటి ప్రశ్న, "ఎర్తు చూశారా? ఎంత వచ్చింది?" దగ్గరుండి మీటరు పెట్టించండి. ఫేజుకీ ఎర్తుకీ మధ్య దాదాపు ఇంటి వోల్టేజీ అంతా చూపించాలి. న్యూట్రల్‌కీ ఎర్తుకీ మధ్య చాలా తక్కువ, ఏవో రెండు మూడు వోల్టులు చూపించాలి. ఫ్రంట్ లోడ్ మిషన్లకి దారిలో డ్రమ్ము కదలకుండా వెనక పెద్ద బోల్టులు బిగించి పంపుతారు. అవి విప్పకుండా నడిపితే మిషను ఇల్లంతా గెంతుతుంది, పాడైపోతుంది కూడా. విప్పినవి అడిగి తీసుకుని దాచుకోండి. ఇల్లు మారేటప్పుడు మళ్ళీ బిగించాలి. పెద్ద ప్లగ్గుని చిన్న సాకెట్లో పెట్టడానికి అమ్మే కన్వర్షన్ ప్లగ్గులు మాత్రం వద్దే వద్దు. నీళ్ళు కాచే మిషను లాగే కరెంటుకి చిన్న సాకెట్టు మాడిపోతుంది. రెండు పిన్నుల రకమైతే ఎర్తే వుండదు.

ఫ్రిజ్ దించగానే ప్లగ్గు పెట్టెయ్యకండి. నిటారుగా నిలబెట్టి కొన్ని గంటలు ఆగాలి. దారిలో పడుకోబెట్టి తెస్తే ఇంకా ఎక్కువసేపు. వెనకా పక్కలా ఎంత ఖాళీ వదలాలో దాని పుస్తకంలోనే రాసి వుంటుంది. గోడకి ఆనించేస్తే వేడి బయటికి పోక కరెంటు బిల్లు పెరుగుతుంది.

గీజరుకి టాంకు నిండి, వేణ్ణీళ్ళ కుళాయిలోంచి నీళ్ళు ధారగా వచ్చాకే స్విచ్చి వెయ్యాలి. ఖాళీ గీజరుకి స్విచ్చి వేస్తే లోపలి కాయిలు మాడిపోతుంది. ఒత్తిడి పెరిగితే నీళ్ళు వదిలే సేఫ్టీ వాల్వు పెట్టాడో లేదో చూడండి. నీళ్ళు కారుతున్నాయని దానికి బిరడా కొట్టేవాళ్ళున్నారు. అది బాంబుకి మూత బిగించడమే.

ఏ.సి. బిగించేటప్పుడు రాగి గొట్టాల్లోంచి గాలినీ తేమనీ వాక్యూమ్ పంపుతో లాగేశాకే గ్యాసు వదలాలి. తొందరలో కొంత గ్యాసు వదిలి దాంతోనే గాలిని తోసేస్తారు కొందరు. "వాక్యూమ్ చేశారా?" అని ఒక్క మాట అడిగితే చాలు, తెలిసినవాళ్ళని తెలిసి జాగ్రత్తగా చేస్తారు. 'ఇన్‌స్టలేషన్ ఉచితం' అన్నా బయటి స్టాండు, గొట్టం అదనపు పొడవు, గోడకి బెజ్జం, స్టెబిలైజరు వగైరాలకి వేరే డబ్బులు అడగొచ్చు. కొనేటప్పుడే రేట్ల కాగితం అడగండి. పని పూర్తయ్యాక బేరమాడితే లాభం లేదు.

బాగుచేయడానికి వచ్చినప్పుడు

ఏ.సి. చల్లబడటం లేదని పిలిస్తే ఎక్కువసార్లు వినపడే మాట, "గ్యాసు అయిపోయిందమ్మా, నింపాలి." ఏ.సి. గ్యాసు వంట గ్యాసులాగా వాడితే అయిపోయేది కాదు. మూసిన గొట్టాల్లోనే తిరుగుతుంటుంది. తగ్గిందంటే ఎక్కడో కారుతోందన్నమాట. "ముందు లీకు చూపించండి, మూయండి, తర్వాత నింపండి" అనాలి. అన్నిటికంటే ముందు ఫిల్టరు జాలీ తీసి చూడండి. దుమ్ము పట్టి మూసుకుపోతే చల్లదనం రాదు. అది మనమే కుళాయి కింద కడిగి నీడలో ఆరబెట్టుకోవచ్చు.

మంచినీళ్ళ ఫిల్టరు మనిషి వచ్చి లోపలి సరుకంతా మార్చాలంటే, అతని చిన్న మీటరుతోనే కుళాయి నీళ్ళూ, ఫిల్టరు నీళ్ళూ రెండూ కొలిపించండి. టి.డి.ఎస్. అంకెలు కాగితం మీద రాయించండి. మన దేశపు తాగునీటి ప్రమాణం ప్రకారం 500 దాకా మంచిదే. ఇప్పటి అంకెకీ మొదట్లో వున్న అంకెకీ తేడా చూస్తే ఆర్.ఓ. మెంబ్రేను పనితనం మీకే తెలుస్తుంది. ఏది మార్చినా పాత భాగం మన చేతికివ్వమనండి. పాతది అడిగే ఇంట్లో అనవసరంగా కొత్తది మార్చరు.

కరెంటు వస్తువేదైనా సరే, కవరు విప్పడం, లోపల చెయ్యి పెట్టడం మాత్రం మన పని కాదు. చూడటం, అడగటం, రాసుకోవడం మన పని.

పిలిచేటప్పుడు, పంపేటప్పుడు

ఇప్పుడు చెప్పేది ఇంకా జాగ్రత్తగా వినండి. మిషను పాడవగానే ఫోన్లో కంపెనీ పేరు కొట్టి వెతికి, పైన కనిపించిన నంబరుకి ఫోను చేస్తున్నారు. మోసగాళ్ళు కంపెనీల పేరుతో దొంగ నంబర్లు పెట్టి సరిగ్గా అక్కడే కాచుకుని వుంటారు. 'పది రూపాయలు కట్టి నమోదు చేసుకోండి', 'ఈ యాప్ వేసుకోండి, మేమే సరిచేస్తాం' అంటారు. ఆ యాపుతో మీ ఫోనులో కనిపించేదంతా వాళ్ళకి కనిపిస్తుంది. బ్యాంకు ఖాతా ఖాళీ! నంబరు ఎప్పుడూ మిషను మీద అంటించిన కాగితం నుంచో, వారంటీ కార్డు నుంచో, బిల్లు నుంచో తీసుకోండి. యు.పి.ఐ. పిన్ను కొట్టేది మనం డబ్బు పంపడానికే. మనకి డబ్బు రావడానికి పిన్ను అక్కర్లేదు. ఒకవేళ మోసపోయారా, సిగ్గుపడి దాచుకోకండి. వెంటనే 1930కి ఫోను చేయండి. ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆపడానికి అంత వీలుంటుంది.

మెకానిక్ గుమ్మంలోకి రాగానే పేరు, గుర్తింపు కార్డు, మీ ఫిర్యాదు నంబరు అడగండి. నిజమైన మనిషి నొచ్చుకోడు. పని అయ్యాక చెప్పమని చాలా కంపెనీలు ఫోనుకి ఒక ఓ.టి.పి. పంపిస్తాయి. బ్యాంకు ఓ.టి.పి. ఎవరికీ చెప్పకూడదు, ఇది పని పూర్తయ్యాక చెప్పాలి. వచ్చిన మెసేజిలో ఎవరు పంపారు, దేనికి అన్నది చదవండి. ఈ నంబరు చెప్పామంటే 'పని తృప్తిగా అయిపోయింది' అని మనం ఒప్పుకున్నట్టే. కొందరు రాగానే అడుగుతారు. "ఒకసారి నడిపి చూపించు బాబూ, తర్వాత చెప్తాను" అనండి. నాలాగా గుమ్మంలోంచి చెప్పెయ్యకండి.

సంతకానికి ముందు కాగితం చదవండి. ఇంగ్లీషు రాకపోతే "ఇక్కడేం రాశావు నాయనా?" అని చదివించుకోండి. అర్థం కాకపోతే దాని కింద తెలుగులోనే 'నాకు చెప్పింది ఇది' అని రాసి సంతకం పెట్టండి. ఫోనుతో దాన్ని ఫోటో తీసుకోండి. వారంటీ తేదీలు, ఎవరొచ్చారు, ఏం మార్చారు, ఎంతిచ్చాం అన్నవి పాల లెక్క రాసే పుస్తకం చివరి పేజీల్లో రాసుకోండి. 'కంప్రెసరుకి పదేళ్ళ వారంటీ' అంటే మిషనంతటికీ పదేళ్ళని కాదు. మిగతా భాగాలకీ, గ్యాసుకీ, మనిషి కూలీకీ ఎన్నాళ్ళో విడిగా అడగండి. ఏడాదికింత అని కట్టే సర్వీసు ఒప్పందంలో కూడా ఏ భాగాలు చేరాయో, ఏవి చేరలేదో డబ్బు కట్టకముందే చదవండి.

అన్నీ సరిగా చేసినా వాళ్ళు తిప్పుతుంటే? 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. ఫోను ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ వుంది. 2019 చట్టం ప్రకారం మనం వుండే జిల్లాలోనే ఫిర్యాదు చేయొచ్చు. కొట్టు ఎక్కడున్నా సరే. సమస్య మొదలైన రెండేళ్ళలోపు వెయ్యాలి. వస్తువు ఖరీదు 5 లక్షల దాకా అయితే ఫీజు లేదు. వకీలు లేకుండా మన మాట మనమే చెప్పుకోవచ్చు. అక్కడ అడిగేది కాగితాలే. అందుకే ఇంతగా చెప్తున్నాను.

ఒక్క మాట. ఇంటికొచ్చే ఆ పిల్లల్ని దొంగల్ని చూసినట్టు చూడమని నేననడం లేదు. ఎండలో బండి మీద రోజుకి ఎన్నో ఇళ్ళు తిరుగుతారు. ఒక ఇంట్లో ఆలస్యమైతే ఇంకో ఇంట్లో మాట పడతారు. మంచినీళ్ళివ్వండి, ఫ్యాను వెయ్యండి, నిచ్చెన పట్టుకోండి. ఎత్తు కిటికీ బయట ఏ.సి. బిగిస్తుంటే నడుముకి తాడు లేనిదే ఎక్కనివ్వకండి. మర్యాద మర్యాదే, ప్రశ్న ప్రశ్నే. రెండూ ఒక ఇంట్లో వుండొచ్చు.

ఈ ఆదివారం మీకో పని. బీరువాలోంచి ఇంట్లోని ప్రతి కరెంటు వస్తువు కాగితమూ తీసి, మీ సంతకం పైన ఏముందో చదవండి. నమ్మకమైన ఎలక్ట్రీషియన్ని పిలిచి ఫ్రిజ్, మిషను, గీజరు, మోటారు నాలుగింటికీ ఎర్తు చూపించండి. ఆ తర్వాత మీ ఇంట్లో పనిచేసే ఆవిడని అడగండి, "ఏదైనా ముట్టుకుంటే జుమ్మంటోందా?" అని. అవునంటే, నాలాగా చెప్పులేసుకుని వెళ్ళి పరీక్ష చెయ్యకండి. స్విచ్చి ఆపి, ఆవిడ మాట నమ్మండి.

మా పనావిడకి ఆ రోజే ఒక జత రబ్బరు చెప్పులు కొనిచ్చాను. వరండాలో తలుపు పక్కనే పెట్టుకుంది. ఎర్తు వున్నా సరే, వేసుకునే మిషను దగ్గరికెళుతుంది. కంపెనీ మనిషి ఈసారి సర్వీసుకి వచ్చినప్పుడు నేను పొయ్యి కట్టేసి వెళ్ళేసరికి, ఆవిడ అప్పటికే అక్కడ నిలబడి అడుగుతోంది, "ఎర్తు చూశావా అబ్బాయ్?" అని.

వుంటాను మరి. వచ్చేవారం ఇంకో కబురుతో కలుద్దాం.